డిస్క్ జారి కాలు లాగుతోందా? ఆగడం, ఫిజియోథెరపీ, ఇంజెక్షన్, ఆపరేషన్‌లలో మీకు ఏది?

ఎమ్మారై రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. నడుము దగ్గర డిస్క్ బయటికి వచ్చిందనీ, నరాన్ని నొక్కుతోందనీ అందులో రాసి ఉంటుంది. ఒక డాక్టరు ఆరు వారాలు చూద్దామంటారు. ఇంకొకరు వెన్నులో ఇంజెక్షన్ వేద్దామంటారు. మరొకరు ఆపరేషన్ చేయించుకుంటే త్వరగా బయటపడతారంటారు. విచిత్రమేమిటంటే, ఈ ముగ్గురి మాటలోనూ నిజం ఉండొచ్చు. ఏది ఎవరికి, ఎప్పుడు అన్నదే తేల్చుకోవాలి.

ఆ నిర్ణయానికి రిపోర్టులోని మిల్లీమీటర్ల కంటే మీ కాలే ఎక్కువ పనికొస్తుంది. కాలిలో బలం ఎలా ఉంది, నొప్పి మొదలై ఎన్ని వారాలైంది, వారం వారం తగ్గుతోందా పెరుగుతోందా అన్నవి ముందు చూడాలి. ఇవి తెలియకుండా ఒక చికిత్స మంచిదనో చెడ్డదనో చెప్పలేం.

## ఇవి ఉంటే ఎంపికల గురించి ఆలోచించకండి, ఆసుపత్రికి వెళ్లండి

మూత్రం రాక ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మల విసర్జన మీద పట్టు తప్పినా, మర్మాంగాల చుట్టూ, తొడల లోపలి వైపు, పిరుదుల మధ్య స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ బలహీనపడుతున్నా అది ఎమర్జెన్సీ. వెన్ను అడుగున ఉండే నరాల గుత్తి మొత్తం నలుగుతోందని అనుమానించాలి. తెల్లారాక చూద్దామని ఆగకూడదు. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు, కాళ్ల బలం శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

జ్వరంతో నడుము నొప్పి వచ్చినా, గతంలో క్యాన్సర్ ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కిందపడటమో యాక్సిడెంటో జరిగినా ఆ విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అప్పుడు వెతకాల్సిన కారణాలే వేరు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

నొప్పి ఎక్కడ? పిరుదు నుంచి తొడ వెనకగా మోకాలు దాటి పిక్కకో పాదానికో పాకుతూ, తిమ్మిరితో, కరెంటు షాక్ కొట్టినట్టు వచ్చేది నరం నొప్పి. దీన్నే సయాటికా అంటారు. దగ్గినా తుమ్మినా జివ్వుమనడం కూడా దీని లక్షణమే. ఇంజెక్షన్, ఆపరేషన్ ముఖ్యంగా ఈ కాలి నొప్పి కోసమే. నొప్పి నడుములోనే ఉండి కాలిలోకి దిగకపోతే ఆ రెండింటి వల్ల కలిగే మేలు చాలా తక్కువ. అందుకే "నడుము ఎక్కువ నొప్పా, కాలు ఎక్కువ నొప్పా" అని సర్జన్ అడిగితే ఆలోచించి జవాబివ్వండి. నిర్ణయం చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడుతుంది.

బలం ఉందా? గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు నడవండి. తర్వాత ఒంటి కాలి మీద నిలబడి మునివేళ్ల మీద పలుమార్లు లేవండి. ఆ తర్వాత రెండో కాలితో చేసి పోల్చుకోండి. మడమ మీద నడుస్తుంటే పాదం ముందు భాగం పైకి లేవకపోయినా, బొటనవేలు పైకి ఎత్తలేకపోయినా ఎల్5 (నడుములోని చివరి, అంటే అయిదో వెన్నుపూస దగ్గర బయటికి వచ్చే) నరం దెబ్బతిని ఉండొచ్చు. మునివేళ్ల మీద లేవలేకపోతే దాని కింద ఉండే ఎస్1 నరాన్ని అనుమానించాలి. నొప్పి వల్ల చేయలేకపోవడం వేరు, నొప్పి లేకున్నా కండరం మాట వినకపోవడం వేరు. రెండోది ఉంటే వారాల తరబడి ఇంట్లో కూర్చోవద్దు. నడుము డిస్కులు జారే కేసుల్లో అత్యధికం ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనే చివరి రెండు చోట్లే కాబట్టి ఇంట్లో ఈ రెండు పరీక్షలు చేసుకున్నా చాలా తెలుస్తుంది.

ఎన్ని వారాలైంది? మొదటి ఆరు వారాలు ఒక దశ. ఆరు నుంచి పన్నెండు వారాలు ఇంకొకటి. నెలలు దాటితే లెక్క మళ్లీ మారుతుంది.

రిపోర్టు, లక్షణం కలుస్తున్నాయా? ఎడమ కాలు లాగుతుంటే, రిపోర్టు కుడి నరం నొక్కుకుందని చెబితే ఆ డిస్క్ మీ నొప్పికి కారణం కాకపోవచ్చు. ఏ నొప్పీ లేని 3 వేల మందికి పైగా స్కానింగులను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. అందులో 20 ఏళ్ల వాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. 80 ఏళ్ల వాళ్లలో అది 84 శాతం. అంటే హాయిగా తిరుగుతున్న వాళ్లను పట్టుకొచ్చి స్కాన్ చేసినా రిపోర్టులో ఏదో ఒకటి రాసి ఉంటుంది. "డిస్క్ అరిగింది" అన్న మాట చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు.

## మొదటి దారి: కదులుతూ ఆగడం

ఆగడం అంటే చికిత్స లేకుండా వదిలేయడం అనుకుంటారు చాలామంది. డిస్క్ విషయంలో అలా కాదు. డిస్కుకు బయట గట్టి పీచు వలయం, లోపల మెత్తటి గుజ్జు ఉంటాయి. వలయం చిట్లి గుజ్జు బయటికి వచ్చినప్పుడు అది నరాన్ని నొక్కడమే కాక చుట్టూ వాపునూ రేపుతుంది. ఆ వాపుతో పాటు వచ్చే రక్షక కణాలే బయటపడ్డ ముక్కను క్రమంగా కరిగిస్తాయి. చిన్న ఉబ్బుల కంటే బాగా బయటికి వచ్చిన ముక్కలూ, పూర్తిగా విడిపోయిన ముక్కలూ ఎక్కువగా కుంచించుకుపోతాయి. రిపోర్టులో "పెద్ద ముక్క" అని ఉందని మాత్రమే ఆపరేషన్‌కు తొందరపడకూడదనడానికి ఇదే కారణం.

ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో కాలి నొప్పి గణనీయంగా తగ్గుతుంది. అయితే మంచం పట్టడం వల్ల కాదు. 1999లో నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగుల్లో సగం మందిని రెండు వారాలు మంచం మీదే ఉంచి, మిగతా వాళ్లను మామూలుగా తిరగమన్నారు. పన్నెండు వారాలకు రెండు గుంపుల్లోనూ 87 శాతం మంది మెరుగయ్యారు. పడుకున్న వాళ్లకు ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. భరించలేని నొప్పి ఉన్న ఒకటి రెండు రోజులు పడుకోండి, తప్పులేదు. ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెంగా నడవాలి.

ఈ వారాల్లో నాకు ముఖ్యమనిపించే సంగతి ఒకటుంది. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్క్ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకే నిద్ర లేచిన తొలి గంటలో ముందుకు వంగడం దానికి బాగా భారం. మంచం మీద నుంచి పక్కకు తిరిగి, చేతి ఊతంతో లేవండి. వంగి చేసే పనులు ఏవైనా ఆ గంట గడిచాక పెట్టుకోండి. ఎక్కువసేపు కుర్చీలో ముందుకు వాలి కూర్చోవడమూ డిస్క్ మీద ఒత్తిడి పెంచుతుంది, కాబట్టి అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. రాత్రి వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు, పక్కకు తిరిగితే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే చాలామందికి నిద్ర పడుతుంది.

ఆగడానికి గడువు ఉండాలి. వారానికోసారి మడమల నడక, మునివేళ్ల మీద లేవడం పరీక్షించుకుంటూ, నొప్పి పదికి ఎంతో రాసుకుంటూ ఉంటే ఆగడానికి అర్థం ఉంటుంది. బలం తగ్గిన రోజున గడువు ముగిసినట్టే.

## మందులు: ఆశించినంత బలం వీటికి లేదు

ఐబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు కొంతమందికి మొదటి వారాలు గట్టెక్కిస్తాయి. నరం నొప్పి మీద వీటి ప్రభావం పరిమితమే. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. ఎవరైనా సరే తక్కువ మోతాదులో, తక్కువ రోజులే వాడాలి.

నరాల మందుగా విరివిగా రాసే ప్రీగాబలిన్ గురించి 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది మీద పరీక్ష జరిగింది. ఉత్తుత్తి మాత్ర కంటే అది కాలి నొప్పిని ఎక్కువగా తగ్గించలేదు, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు కూడా సయాటికాకు గాబాపెంటిన్, ప్రీగాబలిన్, స్టెరాయిడ్ మాత్రలు, డయాజిపామ్ తరహా మందులు ఇవ్వవద్దంటున్నాయి. ఇప్పటికే ప్రీగాబలిన్ వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయకండి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మందుల వల్ల డిస్క్ మారదు. మాత్ర వేసుకున్నాక నడవగలుగుతున్నారా, నిద్ర పడుతోందా అన్నదే చూడండి. ఆ రెండూ లేకపోతే మోతాదు పెంచుకుంటూ పోవడంలో అర్థం లేదు.

## ఫిజియోథెరపీ: ఒక్క గుర్తు చాలు

డిస్క్ నొప్పికి అందరికీ పనికొచ్చే ఒకే వ్యాయామం లేదు. వీడియో చూసి చేసే వాళ్లలో కొందరికి నొప్పి పెరగడానికి కారణం ఇదే. బోర్లా పడుకుని మోచేతుల మీద, తర్వాత అరచేతుల మీద ఛాతీ పైకెత్తే వ్యాయామం చాలామందికి పనిచేస్తుంది. వెన్నులో నరాల దారి ఇరుకైన పెద్ద వయసు వాళ్లకు అదే వ్యాయామం కాళ్ల లాగుడును పెంచవచ్చు. వాళ్లకు కొంచెం ముందుకు వంగితేనే హాయి.

మరి మీకు సరిపడేది ఏదో ఎలా తెలుస్తుంది? నొప్పి ఎటు కదులుతోందో చూడండి. వ్యాయామం చేశాక పాదంలో ఉన్న నొప్పి పిక్కకు, అక్కడి నుంచి తొడకు, చివరికి నడుముకు వెనక్కి వస్తుంటే అది మీకు సరైన వ్యాయామం. అప్పుడు నడుములో నొప్పి కాస్త పెరిగినట్టు అనిపించినా కంగారు పడక్కర్లేదు, కోలుకుంటారనడానికి అది మంచి సూచన. దీన్ని గమనించి ఒక పద్ధతిగా మలిచింది న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ. దానికి భిన్నంగా నొప్పి ఇంకా కిందికి, పాదం వైపు పాకుతుంటే ఆ వ్యాయామం వెంటనే ఆపండి.

కాళ్లు చాపి వేళ్లు అందుకోవడం, వెల్లకిలా పడుకుని లేచి కూర్చునే పొట్ట వ్యాయామాలు తొలి వారాల్లో వద్దు. నడుము బెల్ట్, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌లకు డబ్బు, సమయం పెట్టమని నేను చెప్పను. బ్రిటన్ మార్గదర్శకాలు కూడా వాటిని వద్దనే అంటున్నాయి. కాలిలో బలహీనత ఉన్నప్పుడు నడుమును గట్టిగా తిప్పి "సెట్" చేయించుకోవడం మాత్రం ప్రమాదం.

## వెన్నులో ఇంజెక్షన్: కొంత వ్యవధి దొరుకుతుంది

ఎక్స్‌రే తెర మీద చూస్తూ, నరం చుట్టూ ఉన్న ఖాళీలోకి స్టెరాయిడ్, మత్తుమందు పంపిస్తారు. వాపు తగ్గి కాలి నొప్పికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు ఉపశమనం దొరుకుతుంది. సగటున చూస్తే ఆ మేలు పెద్దదేమీ కాదు, దీర్ఘకాలంలో తేడా కనిపించదు. ముక్క కరిగేది దీనివల్ల కాదు, కాలం వల్లే. ఆ కాలాన్ని నిద్రపోతూ, నడుస్తూ గడపగలగడమే ఇంజెక్షన్ వల్ల వచ్చే లాభం.

కాబట్టి నొప్పి మొదలై కొద్ది వారాలే అయి, అది భరించరానిదిగా ఉండి, కాలి బలం బాగానే ఉన్నవాళ్లకు ఇది బాగా సరిపోతుంది. నెలల తరబడి నడుము నొప్పి మాత్రమే ఉన్నవాళ్లకు సరిపోదు. షుగరు ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. తలనొప్పి, ఇన్ఫెక్షన్ అప్పుడప్పుడు వస్తాయి. నరాలకు తీవ్రమైన నష్టం జరగడం చాలా అరుదే అయినా జరిగిన సందర్భాలున్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఒకటి రెండు ఇంజెక్షన్లకు కాలు ఏమాత్రం స్పందించకపోతే అదే చికిత్సను మళ్లీ మళ్లీ చేయించుకోవద్దనే నా సలహా.

## ఆపరేషన్: ఎవరికి, ఎప్పుడు?

జారిన డిస్క్ వల్లే సయాటికా వస్తుందనీ, దాన్ని ఆపరేషన్‌తో తీయవచ్చనీ అమెరికాలోని మిక్స్టర్, బార్ అనే సర్జన్లు 1934లో ప్రచురించారు. ఇప్పుడు సాధారణంగా చేసేది మైక్రోడిస్కెక్టమీ. చిన్న కోతతో, మైక్రోస్కోపు కింద నరాన్ని నొక్కుతున్న ముక్కను మాత్రమే తీస్తారు. డిస్క్ మొత్తం తీసేయరు. చాలామంది అదే రోజో మర్నాడో లేచి నడుస్తారు. కాలి నొప్పి త్వరగా పోతుంది. తిమ్మిరి మెల్లగా తగ్గుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. నడుము నొప్పి విషయంలో హామీ ఇవ్వలేం.

ఇక్కడ మూడు దేశాల అధ్యయనాలు వరుసగా చూస్తే నిర్ణయం తేలికవుతుంది. నార్వేలో 280 మంది మీద చేసిన అధ్యయనం 1983లో వచ్చింది. ఏడాదికి ఆపరేషన్ చేయించుకున్న వాళ్లే మెరుగు, నాలుగేళ్లకు చెప్పుకోదగ్గ తేడా లేదు, పదేళ్లకూ లేదు. 2007లో నెదర్లాండ్స్‌లో 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్న 283 మందిని రెండు గుంపులు చేశారు. వెంటనే ఆపరేషన్‌కు వెళ్లిన గుంపు సగటున 4 వారాల్లో కోలుకుంటే, ఆగిన గుంపుకు 12 వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆగిన వాళ్లలో 39 శాతం మంది ఆ ఏడాదిలోనే ఆపరేషన్ చేయించుకున్నారన్నది మాత్రం మరిచిపోకూడదు. ఇక 2020లో కెనడా అధ్యయనం 4 నుంచి 12 నెలలుగా బాధపడుతున్న 128 మందిని చూసింది. ఆరు నెలలకు, ఆపరేషన్ అయిన వాళ్ల కాలి నొప్పి పదికి 2.8, కాని వాళ్లది 5.2.

నాకు వీటిలో కనిపించేది ఇది. తొలి వారాల్లో ఆపరేషన్ వల్ల దక్కేది ముఖ్యంగా వేగం. నాలుగు నెలలు దాటినా కాలు లాగుతూనే ఉంటే దక్కేది వేగం ఒక్కటే కాదు. అప్పుడు "ఇంకా ఆగుదాం" అనే వాళ్లే కారణం చెప్పాలి.

నష్టాలూ తెలుసుకోవాలి. నరాల పొర చిరగడం, ఇన్ఫెక్షన్, అరుదుగా నరం దెబ్బతినడం జరగొచ్చు. అదే చోట డిస్క్ మళ్లీ జారే అవకాశం సుమారు 5 నుంచి 15 శాతం. ఇంకా చిన్న రంధ్రంతో చేసే ఎండోస్కోపీ పద్ధతి కాలి నొప్పి విషయంలో మైక్రోడిస్కెక్టమీకి తీసిపోదని నెదర్లాండ్స్‌లో 2022లో తేలింది. అది నేర్చుకోవడానికి సమయం పట్టే పద్ధతి కాబట్టి, కోత సైజు కంటే మీ సర్జన్‌కు ఏ పద్ధతిలో అనుభవం ఎక్కువో అదే చూడండి. మొదటిసారి జారిన డిస్కుకు స్క్రూలు, రాడ్లు వేసి వెన్నుపూసలను అతికించే ఆపరేషన్ సాధారణంగా అక్కర్లేదు. ఎవరైనా అదే సూచిస్తే, వెన్నుపూస ముందుకు జరగడం లాంటి వేరే కారణం ఉందేమో అడిగి, రెండో డాక్టరు అభిప్రాయం తప్పక తీసుకోండి.

## పక్కపక్కన పెడితే

| దారి | ఉపశమనం ఎప్పుడు | ఎక్కువ మేలు ఎవరికి | ప్రధాన లోపం |
|---|---|---|---|
| కదులుతూ ఆగడం | 6–12 వారాలు | బలం బాగుండి, నొప్పి తగ్గుముఖంలో ఉన్నవాళ్లకు | ఓపిక కావాలి, పనికి అంతరాయం |
| మందులు | గంటలు, రోజులు | తొలి వారాల్లో నిద్ర, నడక కోసం | నరం నొప్పి మీద పరిమిత ప్రభావం, దుష్ప్రభావాలు |
| ఫిజియోథెరపీ | కొన్ని వారాలు | నొప్పి నడుము వైపు వెనక్కి వచ్చేవాళ్లకు | తప్పు వ్యాయామంతో పెరగొచ్చు |
| ఇంజెక్షన్ | రోజులు, వారాలు | తొలి వారాల్లో తీవ్రమైన కాలి నొప్పికి | తాత్కాలికం |
| ఆపరేషన్ | చాలామందికి త్వరగా | బలం తగ్గుతున్నవాళ్లకు, 6–12 వారాలకూ తగ్గనివాళ్లకు | మత్తు, కోత, మళ్లీ జారే అవకాశం |

## మీ పరిస్థితి ఇలా ఉంటే

రెండు మూడు వారాలే అయింది, బలం ఉంది, నొప్పి కొంచెం కొంచెం తగ్గుతోంది. ఆగండి. నడక, సరైన వ్యాయామం చాలు. ఈ దశలో స్కానింగ్ తీయించుకున్నా చికిత్స పెద్దగా మారదు.

కుర్చీ ఉద్యోగం, కూర్చోలేకపోతున్నారు, సెలవులు అయిపోతున్నాయి. బలం ఉంటే ఒక ఇంజెక్షన్ అడగడం సబబే. నిలబడి పనిచేసే వీలు ఉంటే ముందు అది ప్రయత్నించండి.

బరువులు మోసే పని, రోజు కూలీ మీద ఇల్లు నడుస్తోంది. త్వరగా తేరుకోవడం మీకు అందరికంటే ముఖ్యం. ఆరు వారాలకూ కాలి నొప్పి తగ్గకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడటంలో తప్పేమీ లేదు. ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదన్నది ముందే లెక్కలో పెట్టుకోండి.

పాదం ఈడుస్తోంది, మెట్ల మీద కాలు తట్టుకుంటోంది. నొప్పి తగ్గినా సరే సర్జన్‌ను రోజుల్లోనే కలవండి. నొప్పి హఠాత్తుగా పోయి బలహీనత మిగిలితే అది నయమైన లక్షణం కాకపోవచ్చు. బలహీనత వచ్చి ఎన్నాళ్లయితే, తిరిగి రావడం అంత కష్టమవుతుంది.

పొగ తాగుతారు. డిస్కుకు అందే పోషణే తక్కువ, పొగ దాన్నింకా తగ్గిస్తుంది. ఏ దారి ఎంచుకున్నా మానడం మీ చికిత్సలో భాగమే.

వయసు 65 దాటింది, కాసేపు నడిస్తే రెండు కాళ్లూ లాగి, కూర్చుంటే తగ్గుతోంది. ఇది డిస్క్ ఒక్కటే కాకుండా నరాల దారి ఇరుకవడం వల్ల కావచ్చు. పైన చెప్పిన వారాల లెక్క మీకు వర్తించదు, విడిగా పరీక్ష చేయించుకోండి.

## సర్జన్‌ను కలిసినప్పుడు

ఆపరేషన్ దాకా వస్తే ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. నా కాలి లక్షణాలు స్కానింగులోని నరంతో సరిపోతున్నాయా? ఇంకో నెల ఆగితే నాకు శాశ్వత నష్టం ఉందా, నొప్పి భరించడమేనా? మీరు తీసేది ముక్కనేనా, ఇంకేమైనా చేస్తారా? ఆపరేషన్ తర్వాత ఏ లక్షణం ముందు పోతుంది, ఏది మిగలొచ్చు? ఎన్నాళ్లకు కూర్చోవచ్చు, బండి నడపొచ్చు, బరువు ఎత్తొచ్చు?

రెండో ప్రశ్నకు వచ్చే జవాబును మాత్రం ఇంట్లో వాళ్లు కూడా పక్కనుండి వినాలి. "నొప్పి భరించడమే" అని సర్జన్ చెబితే తేదీ మీ చేతుల్లోనే ఉంటుంది. ఇంటికి వెళ్లి, పని, సెలవులు, చూసుకునే మనుషులు ఉన్నారా లేదా అన్నది కలిసి కూర్చుని తేల్చుకోవచ్చు. "బలం తగ్గుతోంది" అంటే ఆ తేదీని వాయిదా వేయకండి.